మా అత్త కట్టిన కంకణం

నా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మా వీధి వీధంతా నన్ను చూసి జాలిపడేది. ఊరికే మాటలతో సరిపెట్టే జాలి కాదు, పళ్ళెంలో పెట్టి చేతికిచ్చే జాలి. ఎవరింట్లో బెల్లం పొంగలి వండినా, అమ్మవారిశాలలో ఎవరు ఏ మొక్కు తీర్చుకున్నా, ప్రసాదంలో మొదటి పిడికెడు నా దోసిట్లో పడవలసిందే. గుండె బాగలేని బిడ్డ తింటే అమ్మవారు తిన్నట్టేనని ఏ ముసలమ్మ అన్నదో గానీ, అది మా వీధికి ఆచారమైపోయింది. ఇంత మర్యాద మా పెద్దనాయన కూతుళ్ళకు కూడా జరిగేది కాదు. కాబట్టి ఆ జాలి మీద నాకు ఏ ఫిర్యాదూ ఉండేది కాదు.

మా నాయనకు గుడ్డల అంగడి. మా అమ్మ పుట్టిల్లు పులివెందుల. పుట్టినప్పుడు నేను బాగానే ఉన్నానట. నడక వచ్చాకనే తేడా తెలిసింది. నాలుగడుగులు గబగబా వేస్తే పెదవులు, గోళ్ళు నీలంగా మారేవి. బడిలో పిల్లలు నేరేడుపండ్లు ఎక్కడ దొరికాయని నన్ను అడిగేవాళ్ళు. వీధి చివరిదాకా నడవాలంటే మధ్యలో ఎక్కడో ఒకచోట మోకాళ్ళు కడుపుకు అదుముకుని నేల మీద కూర్చోవలసి వచ్చేది. అట్లా కూర్చుంటే ఊపిరి సర్దుకుంటుందని నాకు ఎవరూ నేర్పలేదు. నా ఒళ్ళే కనుక్కుంది. మా పంతులు మాత్రం దాన్ని సోమరితనం అనుకున్నాడు.

మా ఊరి డాక్టరు నా రొమ్ముకు గొట్టం ఆనించి చాలాసేపు విని, ఇది నా చేతిలో పని కాదు, మద్రాసు తీసుకుపొమ్మన్నాడు. మద్రాసు డాక్టరు కాగితం మీద గుండె బొమ్మ గీసి మా నాయనకు చూపించాడు. గుండెలో రెండు గదుల మధ్య గోడకు చిల్లు ఉందని, ఊపిరితిత్తులకు రక్తం పోయే దారి ఇరుకుగా ఉందని, అందువల్ల మంచి రక్తంలో చెడు రక్తం కలిసిపోతోందని చెప్పాడు. ఆపరేషన్ చేసి చిల్లు మూసి, దారి వెడల్పు చేయాలి. అయితే పిల్ల మరీ బక్కగా ఉంది, బరువు పెరగాలి, వచ్చే ఏడాది తీసుకురండి అన్నాడు.

బరువు పెరగాలన్న ఆ ఒక్క మాట ఎర్రగుంట్లలో రైలు దిగి, మాకంటే ముందే మా వీధికి చేరుకుంది. మా వాళ్ళకు బలమంటే తీపి. అప్పటిదాకా పిడికెడు పెట్టినవాళ్ళు గిన్నెడు పెట్టడం మొదలుపెట్టారు. ఓలిగలు, బొరుగుల ఉండలు, నువ్వుల ఉండలు, కొబ్బరి మిఠాయి. ఏడిస్తే నా ఒళ్ళు నీలమెక్కుతుందని, ఏడవకుండా నోట్లో బెల్లంగడ్డ పెట్టి పడుకోబెట్టేవాళ్ళు. ఆ ఏడాదంతా నేను బుగ్గలో బెల్లంతోనే నిద్రపోయాను. వెనక పళ్ళు నల్లబడ్డాయి. నొప్పి పుడితే మా అమ్మ లవంగం పెట్టేది, నొప్పి తగ్గగానే ఏడవనందుకు మెచ్చుకోలుగా ఇంకో ముక్క బెల్లం పెట్టేది.

మరుసటి ఏడాది మద్రాసు డాక్టరు నన్ను తూచి సంతోషపడ్డాడు. ఆ తర్వాత నోరు తెరవమన్నాడు. చూసి, ఈ పళ్ళతో ఆపరేషన్ చేయను అనేశాడు. పుచ్చిన పంటిలో చీము ఉంటుంది, అది రక్తంలో కలిసి తిన్నగా గుండెలోకి పోయి కూర్చుంటుంది, అప్పుడు నేను ఎంత బాగా కుట్టినా బిడ్డ దక్కదు అని చెప్పాడు. చెడిన పళ్ళు తీయించండి, చిగుళ్ళు మాననీయండి, ఇంకొక్క పన్ను కూడా పుచ్చకుండా చూసుకుని కొన్ని నెలల తర్వాత రండి అన్నాడు.

ఇంటికి వచ్చాక పెద్దవాళ్ళంతా మా పంచలో కూర్చున్నారు. మా నాయనకు ఇదంతా అపశకునంగా తోచింది.

"పోయిన ప్రతిసారీ తిరిగొస్తాండాము. ఆ బిడ్డను కోసేది అమ్మవారికి ఇష్టం లేదేమో," అన్నాడు.

అందరూ తలలు ఊపారు. ఉన్నన్నాళ్ళు ఉంటుంది, నోటికి రుచిగా తిననీయండి, రంపపు కోత ఎందుకు అన్నారు. అదంతా వాళ్ళు నా ముందరే మాట్లాడారు. పిల్లకు ఏం తెలుస్తుందిలే అనుకున్నారు. నేను అక్కడే గుమ్మం మీద కూర్చుని కొబ్బరి మిఠాయి కొరుకుతూ వింటున్నాను. ఉన్నన్నాళ్ళు అనే మాటకు అర్థం నాకు బాగానే తెలుసు. మా నాయనను కన్న జేజి పోయేముందు కూడా ఆ మాటే అన్నారు.

ఆ సమయానికి మా అత్త జమ్మలమడుగు నుంచి బస్సు దిగి వచ్చింది. మా నాయనకు సొంత అక్క. ఆమె గొంతు వీధి ఆ చివరన మొదలైతే ఈ చివరిదాకా వినబడేది. అత్తగారింట నూనె అంగడిలో కూర్చుని బేరాలు చేసిన మనిషి కాబట్టి, ఎదుటివాడు ఎంత తిప్పి చెప్పినా అసలు మాట ఏమిటో పట్టుకునేది. కాళ్ళు కడుక్కుని వచ్చి సంగతంతా విన్నది.

"ఏమబ్బీ, ఆ డాక్టరు ఆపరేషన్ చెయ్యనన్న్యాడా, పళ్ళు బాగుచేసుకోని రమ్మన్న్యాడా?" అని మా నాయనను అడిగింది.

"పళ్ళు బాగుచేసుకోని రమ్మన్న్యాడక్కా."

"అట్లయితే పళ్ళు బాగుచేస్తాం. అమ్మవారిని ఎందుకు మధ్యలోకి లాగుతావు, ఆమెకు ఏం పనిల్యాదా?"

ఆ వారంలోనే ఆమె నన్ను కడపకు తీసుకుపోయింది. మద్రాసు డాక్టరు రాసిచ్చిన సూదిమందు ముందుగా వేయించి, చెడిన పళ్ళన్నీ తీయించింది. నేను ఆ పళ్ళ డాక్టరు వేలు గట్టిగా కొరికాను. మంచి పళ్ళు ఇంకా మిగిలి ఉన్నాయని ఆయనకు అప్పుడు నమ్మకం కుదిరి ఉంటుంది. మా అత్త నా దవడ వదలలేదు, నన్ను తిట్టనూ లేదు.

పళ్ళు పీకించడం సులభం. వీధిని ఆపడం కష్టం. డాక్టరు తీపి వద్దన్నాడమ్మా అని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పి చూసింది. డాక్టర్లకు ప్రసాదం సంగతి ఏం తెలుసు, రవ్వంతే కదా అనేవాళ్ళు. ప్రతి ఇంటివాళ్ళూ పెట్టేది రవ్వంతే. ఎన్ని ఇళ్ళు ఉన్నాయో మాత్రం ఎవరూ ఆలోచించేవాళ్ళు కాదు. పైగా అమ్మవారి ప్రసాదాన్ని కాదనడం మా వాళ్ళలో పెద్ద తప్పు. గట్టిగా వద్దంటే, నీ బిడ్డ కోసమే కదమ్మా అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. మా అమ్మ మెత్తని మనిషి, ఆ కన్నీళ్ళ ముందు నిలబడలేకపోయేది.

మా అత్త కొన్నాళ్ళు ఇదంతా చూసింది. ఒక శుక్రవారం నన్ను అమ్మవారిశాలకు తీసుకుపోయింది. హారతి అయింది, ఆడవాళ్ళంతా ప్రసాదం కోసం నిలబడి ఉన్నారు. ఆమె నన్ను ముందుకు లాగి, పసుపులో తడిపిన దారానికి పసుపుకొమ్ము ముడివేసి నా మణికట్టుకు కట్టింది. తర్వాత అందరి వైపు తిరిగింది.

"మా కోడలు అమ్మవారికి మొక్కుకునింది. గుండె బాగయ్యేదాకా తీపి ముట్టదు. ఈ కంకణం చూసి కూడా ఎవరన్నా పెట్టినారంటే ఆ పాపం పెట్టినోళ్ళదే."

ఒకామె వచ్చి నా కంకణాన్ని కళ్ళకు అద్దుకుంది. ఇంత పసిబిడ్డకు ఎంత భక్తి అని ఇంకొకామె చెంపలు వేసుకుంది. ఆ పసిబిడ్డ మాత్రం అప్పుడు చక్కెర పొంగలి గుండిగ వైపు చూస్తోంది. నేను ఏ మొక్కూ మొక్కుకోలేదు. నన్ను ఎవరూ ఒక మాట అడగనైనా లేదు. నా దోసిలి ముందు గరిటె ఆగి పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. అంత అవమానం నాకు అంతవరకు జరగలేదు.

ఇంటికి వచ్చి ఒకటే ఏడుపు. పెదవులు నీలమెక్కాయి, ఊపిరి అందలేదు. మా అమ్మ బెల్లం డబ్బా కోసం పరిగెత్తబోయింది. మా అత్త ఆమెను ఆపి, నన్ను ఒళ్ళోకి తీసుకుని, నా మోకాళ్ళు కడుపుకు అదిమి పట్టుకుని, ఊపిరి సర్దుకునేదాకా అట్లాగే కూర్చుంది. సర్దుకున్నాక నేను ఆమెను అబద్ధాలకోరు అన్నాను.

"అవును. నువ్వు మొక్కుకోలేదని నాకు తెలుసు, అమ్మవారికీ తెలుసు. తప్పయితే నాకు పెడుతుందిలే," అన్నది.

అప్పుడు నేను, ఎందుకు అడిగానో తెలియదు, కడుపులో చాలా రోజుల నుంచి ఉన్న మాట అడిగేశాను.

"నేను చచ్చిపోతానా అత్తా?"

వంటింట్లో మా అమ్మ చేతిలోని గిన్నె కింద పడింది. ఆ మాట ఇంకెవరిని అడిగినా ఛీ అట్లనగూడదు అని నా నోరు మూసి ఉండేవాళ్ళు. మా అత్త నన్ను ఒళ్ళోంచి దింపి, తన ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఇట్లనే ఇడిసిపెడితే, పెద్దదానివి కాకముందే పోతావు. ఆపరేషన్ చేస్తే శానామంది బతుకుతాండారంట. కొంతమంది పోతాండారంట. నువ్వు యా పక్కనో నాకు తెలీదు. నేనైతే చేయించుకుంటా."

"ఏం మాటలు వదినా పసిబిడ్డతో," అని మా అమ్మ గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

మా అత్త ఆమె వైపు చూడలేదు. నా కళ్ళలోకే చూస్తూ చెప్పింది. "ఇంకొక్క పన్ను పుచ్చినా నిన్ను ఆ ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టరు. వీధిలో ఆడోళ్ళనందరినీ నేను ఆపుతా. నీ నోటిని ఆపేది నా చేతగాదు కోడలా. అది నీ పని."

ఇన్నేళ్ళలో ఆ సాయంత్రం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. మా అత్త వీధికి అబద్ధం చెప్పింది, నాకు నిజం చెప్పింది. పెద్దవాళ్ళు మామూలుగా దీన్ని తిరగేసి చేస్తారు. నిజం వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటారు, అబద్ధం పిల్లలకు పెడతారు. ఆ నిజం విని నేను భయపడ్డానా అంటే భయపడ్డాను. కానీ అంతకు ముందున్న భయం వేరు. అది ఏమిటో, ఎక్కడుందో తెలియని భయం. ఇప్పుడు దానికి ఒక చోటు దొరికింది. నా గుండెలో చిల్లు, దాన్ని కుట్టించుకోవాలంటే నా పళ్ళు. అంతవరకు మా ఇంట్లో నాకు ఏ పనీ చెప్పేవాళ్ళు కాదు, చెంబెడు నీళ్ళు కూడా మోయనిచ్చేవాళ్ళు కాదు. నాకు అప్పగించిన మొదటి పని నా ప్రాణం కాపాడుకోవడం.

మా అత్త జమ్మలమడుగు పోలేదు. వాళ్ళ అంగడి సంగతి వాళ్ళ ఆయన చూసుకున్నాడు. ఏం తిన్నా ఉప్పునీళ్ళు పుక్కిలించడం, పొద్దునా రాత్రీ పళ్ళు తోముకోవడం. ప్రతి పొద్దునా ఆమె వాకిట్లో ఎండలో నిలబడి నా చేతికి అద్దం ఇచ్చేది. తను చూసేది కాదు. నువ్వే చూసి చెప్పు అనేది. బరువు కోసం పప్పు, నెయ్యి, పెరుగు, ఉడికించిన సెనక్కాయలు పెట్టింది. నాకు అవంటే అసహ్యం పుట్టింది, అయినా తిన్నాను. అద్దంలో నోరంతా తిప్పి చూసుకుని, ఏమీ లేదత్తా అని చెప్పడం నాకు బడిలో మార్కులు చెప్పడం లాగా ఉండేది.

దసరా వచ్చింది. మా ఊరి దసరా ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. అమ్మవారి ఊరేగింపుకు ఇంట్లో అందరూ వెళ్ళారు. ఆ జనంలో నన్ను తిప్పకూడదని, పక్కింటి అవ్వను కాపలాగా పెట్టి నన్ను ఇంట్లో ఉంచారు. నేను పుట్టినప్పటి నుంచి నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి ఆ అవ్వ. ఆమె చెంగు చాటు నుంచి ఓలిగ తీసింది. ఇంకా వేడిగా ఉంది, నెయ్యి కారుతోంది.

"మొక్కులన్నీ పెద్దోళ్ళకు, నీ మాదిరి పిల్లలకు పట్టవులే. తిను పాపా. మీ అత్తకు చెప్పనులే. ఈ బెల్లమంతా నీ కోసమే దంచినా," అన్నది.

వీధిలో మేళాలు మోగుతున్నాయి. ఇంట్లో మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. అమ్మవారు గుర్తొచ్చి ఆగానని చెప్తే బాగుంటుంది గానీ, అమ్మవారు గుర్తు రాలేదు. మద్రాసు డాక్టరు నా నోట్లోకి చూసి, కాగితాలు మూసి పక్కన పెట్టడం గుర్తొచ్చింది. ఓలిగ వాసనకు నోరు ఊరుతూనే ఉంది.

"అవ్వా, నా గుండెలో చిల్లుంది. ఇది తింటే పళ్ళు పుచ్చుతాయి. పళ్ళు పుచ్చితే ఆపరేషన్ చెయ్యరు. చెయ్యకపోతే నేను చచ్చిపోతా," అన్నాను.

అవ్వ నా ముఖం వైపు చూసి, అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. కొంచెంసేపటికి కళ్ళు తుడుచుకుని ఆ ఓలిగ ఆమే తినేసింది. నెయ్యి పారేయడం ఆమెకు చేతకాదు. ఆ తర్వాత వీధిలో ఎవరైనా నా కంకణం చూసి కూడా చెయ్యి చాచితే, మా అత్త కంటే ముందు ఆ అవ్వే కయ్యానికి పోయేది.

చలికాలంలో మళ్ళీ మద్రాసు ప్రయాణం. రైలు కమలాపురం దాటాక మా అత్త నాకు అంతా చెప్పింది. నిద్రమందు ఇస్తారు, రొమ్ము మధ్యలో కోస్తారు, లేచాక నోట్లో గొట్టం ఉంటుంది, మాట్లాడలేవు, నొప్పి చాలా ఉంటుంది, మీ అమ్మ ఎదురుగా ఉండకపోవచ్చు అని చెప్పింది. మా నాయన కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. మద్రాసులో డాక్టరు లైటు వేసి నా నోరంతా చూశాడు. చిగుళ్ళు వేలితో ఒత్తి చూశాడు. నేను ఆయన వేలు కొరకలేదు. పిల్ల నోరు చాలా శుభ్రంగా ఉంది, చేర్చుకోండి అన్నాడు. నా జీవితంలో నన్ను ఎవరు ఎంత మెచ్చుకున్నా ఆ మాటకు సరిరాదు.

ఆపరేషన్ రోజు పొద్దున నర్సు కత్తెరతో కంకణాన్ని కత్తిరించి బుట్టలో పడేసింది. మా అమ్మ గుండెలు బాదుకోబోయింది. మా అత్త, దాని పని అయిపోయిందిలేమ్మా అన్నది. నేను కళ్ళు తెరిచేసరికి నోట్లో గొట్టం ఉంది. మాట రాలేదు. నొప్పి చాలా ఉంది. అమ్మ ఎదురుగా లేదు. అన్నీ ఆమె చెప్పినట్టే ఉన్నాయి. ఒక్కటి కూడా కొత్తది కాదు కాబట్టి నేను బెదరలేదు. బతికానని నాకు తెలిసింది కూడా ఆ నొప్పి వల్లనే. మా అమ్మను లోపలికి వదిలినప్పుడు ఆమె నా ముఖం చూడలేదు. ముందు నా చెయ్యి తిప్పి గోళ్ళు చూసింది. అవి ఎర్రగా ఉన్నాయి. ఆమె నా వేళ్ళు ఒక్కొక్కటే ముద్దు పెట్టుకుంది.

తర్వాత నేను బడికి నడిచే పోయాను, మధ్యలో ఎక్కడా కూర్చోలేదు. పెళ్ళి చేసుకున్నాను, ఒక కొడుకునూ ఒక కూతురినీ కన్నాను. మా అత్త పండుముసలిదై, ఎవరి మాటా వినకుండా జమ్మలమడుగులోనే పోయింది. నాకు ఇప్పుడు మనవరాలు ఉంది.

ఈ మధ్య మెట్లు ఎక్కుతుంటే ఆయాసం వస్తోంది. పిల్లలు నన్ను బెంగళూరు తీసుకుపోయి గుండె పరీక్షలు చేయించారు. డాక్టరు వాళ్ళిద్దరినీ లోపలికి పిలిచి చాలాసేపు మాట్లాడాడు. నా కొడుకు బయటికి వచ్చి, ఏంల్యాదుమా, కొంచెం నీరసం, మాత్రలు రాసిచ్చినారు అన్నాడు. నా కూతురు ముఖం పక్కకు తిప్పుకుంది. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు, జాలి వేసింది. లేచి నేనే తలుపు తోసుకుని లోపలికి పోయాను.

"నాయనా, గుండె నాది. సంగతి నాకు చెప్పు," అన్నాను.

ఆ డాక్టరు మంచివాడు, కూర్చోబెట్టి చెప్పాడు. చిన్నప్పుడు వెడల్పు చేసిన దారిలో కవాటం ఇన్నేళ్ళకు అరిగిపోయింది, రక్తం వెనక్కి కారుతోంది, కొత్తది వేయాలి. ఊరికే వదిలేస్తే గుండె అలసిపోతుంది. వేయించుకుంటే చాలామంది బాగుంటారు. ఈ వయసులో కొంత ప్రమాదం మాత్రం ఉంది. అన్నీ విని, ఎప్పుడు రమ్మంటావని అడిగాను.

బయట నా కొడుకు తల వంచుకుని నిలబడ్డాడు. నువ్వు భయపడతావని చెప్పలేదుమా అన్నాడు.

"భయపడతా. అది నా భయం అబ్బీ, నాకియ్యండి. నాది మీరెందుకు మోస్తాండారు," అన్నాను. అప్పుడు గానీ నా కూతురు ఏడవలేదు.

ఇంటికి వచ్చేసరికి మనవరాలు గేటు దగ్గరే నిలబడి ఉంది. నా గుండెకు ఏమైందని అడిగింది. కొడుకు, కోడలు, కూతురు అందరూ నా వైపు చూశారు. ఏంలేదులే అనడం వాళ్ళకు ఎంత ఇష్టమో వాళ్ళ ముఖాల్లో కనిపిస్తోంది. నేను దాన్ని మెట్ల మీద నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. గుండెలో ఒక చిన్న తలుపు సరిగా మూసుకోవడం లేదని, వచ్చే నెల కొత్తది పెడతారని చెప్పాను.

"నొప్పి పుడతాదా అవ్వా?" అని అడిగింది.

"పుడతాది," అన్నాను.

అట్లయితే నేనూ వస్తా అన్నది.